ఫ్రిజ్ తలుపు మీద వెలసిన టైంటేబుల్ గారికి

మహారాజశ్రీ టైంటేబుల్ గారికి,

హన్మకొండ నుంచి నమస్కారాలు. మీరు క్షేమమని తెలుస్తూనే ఉంది. నలభై రూపాయలు పెట్టి లామినేషన్ చేయించాను కదా, మీకేం కాదు. ఇంటి పరిస్థితే కాస్త బాగోలేదు.

మీరు మా ఇంటికి వచ్చింది ఒక ఆదివారం రాత్రి. ఫోన్‌లో ఎవరో ఆవిడ తెల్లటి వంటింట్లో నిలబడి, రోజుకు ఇరవై నిమిషాలు చాలు, ఇల్లు అద్దంలా మెరుస్తుందని చెప్పింది. ఆ వంటింట్లో పోపు పెట్టిన ఆనవాలు ఒక్కటీ లేదు. అనుమానం అప్పుడే రావాల్సింది. రాలేదు. చిన్నోడి స్కెచ్ పెన్నులు తీసుకొని ఏడు రోజులు, వంటింటి నుంచి బాల్కనీ దాకా ఆరు చోట్లు, మొత్తం 42 గడులు గీసి నింపాను. సోమవారం ఉదయం 6:30, హాల్లో దుమ్ము తుడవడం. ఆ 6:30కి మా ఇంట్లో ఒక సాక్సు దొరకదు, కుక్కర్ కూత పెడుతుంది, నల్లా కింద బకెట్ నిండి పొర్లుతుంది. హాల్లో దుమ్ము మాత్రం ఎవరి జోలికీ పోకుండా బుద్ధిగా కూర్చుంటుంది.

మొదటి శుక్రవారమే మీకూ మా అత్తమ్మకూ చెడింది. నా చేతిలో బూజు కర్ర చూసి, "శుక్రారం పూట బూజు దులుపుతవా బిడ్డా? లచ్చిమిని ఎల్లగొట్టినట్టే గదా!" అంది. సరే అని మంగళవారానికి మార్చాను. మంగళవారం కూడా పనికిరాదట. బుధవారం పెట్టుకుంటే ఆ బుధవారం అమావాస్య. దీపం పెట్టాక చీపురు పట్టొద్దు, చుట్టాలు గడప దాటగానే ఊడవొద్దు. ఆమెకూ ఒక టైంటేబుల్ ఉంది. ఏ పని ఎప్పుడు చేయకూడదో మాత్రమే ఉంటుంది అందులో. కాగితం లేదు, లామినేషన్ లేదు, అయినా నాకు తెలిసి ఒక్క రోజూ తప్పలేదు.

మీ ఘనకార్యాల్లో ఫ్యాన్ల సంగతి చెప్పుకోకపోతే అన్యాయం. శనివారం నేల తుడవాలన్నారు, ఆదివారం ఫ్యాన్లన్నారు. పాత దిండు గలీబును రెక్కకు తొడిగి, రెండు చేతులతో ఒత్తి పట్టి మెల్లగా బయటికి లాగితే దుమ్మంతా గలీబులోనే పడుతుంది. మంచి ఉపాయమే. రెండు రెక్కలు బాగానే అయ్యాయి. మూడో రెక్క దగ్గర గలీబు కుట్టు విడిపోయింది. ఏడాది దుమ్ము, వంటింటి జిడ్డుతో కలిసి నల్లటి దూది ముద్దల్లా, ముందు నా కంట్లో, తర్వాత నిన్న తుడిచిన టైల్స్ మీద పడింది. స్టూల్ పట్టుకొని నిలబడ్డ మా ఆయన, "నేల నిన్ననే తుడిచినవు కదా?" అన్నాడు. ఆ మాటకు జవాబు మీరే చెప్పాలి. పైనుంచి కిందికి రావాలని అత్తమ్మకు తెలుసు. అడిగితే చెప్పేది. మిమ్మల్ని గీసేటప్పుడు నేను అడగలేదు, అది వేరే సంగతి.

గురువారం గడి చూస్తే ఇప్పటికీ గుండె దడ. "బాత్రూం: యాసిడ్, బ్లీచింగ్." ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన బాత్రూంలో ఊపిరి ఆడదు. మీరు వాటి మధ్య పెట్టింది ఒక్క కామా! సీసా మీద అక్షరాలు చదివే అలవాటు ఉండబట్టి సరిపోయింది. ఇప్పుడు నల్లాల మీది బోరు నీళ్ల తెల్ల మరకలకు పులిహోరలోకి పిండిన నిమ్మ చెక్కతో రుద్దుతున్నా. మార్బుల్ జోలికి పోను, నిమ్మ పులుపుకు దాని మెరుపు పోతుంది.

జాతర అనే గడి మీలో ఎక్కడుంది సార్? రెండేళ్లకోసారి మేడారం పోయేటప్పుడు చుట్టాలు ఒక రాత్రి, వచ్చేటప్పుడు ఇంకో రాత్రి మా హాల్లోనే. పన్నెండు మంది, ఇరవై నాలుగు కాళ్లు, కాళ్లకు తగినంత మట్టి. ప్రసాదంగా తెచ్చిన బంగారం, అంటే బెల్లం, సోఫా కింద ఒక ముక్క పడితే తెల్లారేసరికి గోడ మీద చీమలది ఇంకో జాతర. బతుకమ్మ అప్పుడు గునుగు పూలకు అద్దిన రంగు టైల్స్ సందుల్లోకి దిగితే సంక్రాంతి దాకా గులాబీ రంగే.

అలాగని మా ఇంట్లో ఏ పనీ జరగదనుకోకండి. పొద్దున్నే చెత్త బండి పాట రెండు వీధుల అవతల వినిపించిందంటే, అది గేటు దగ్గరికి వచ్చేలోపు తడి చెత్త, పొడి చెత్త బుట్టలు రెండూ బయట ఉంటాయి. బండి పోగానే బుట్టలు కడిగి బోర్లిస్తాను. 2012 అక్టోబరులో క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ అని మన ఊళ్లో వారం రోజులు పోటీ పెట్టి, వేరే మున్సిపాలిటీల వాళ్లు కూడా వచ్చి ఇంటింటికీ తిరిగి చెత్త వేరు చేయించారు. ఊరికి సరిపోయిన ఆ వారం మీ చేతిలో ఉంటే సోమవారమే దాటేది కాదు. రాత్రి పాలు తోడు పెట్టాక పొయ్యి గట్టు తుడుస్తాను, అది కూడా తప్పదు. ఈ రెంటికీ మీ దగ్గర గడి లేదు. బండి పాట ఉంది, పాల గిన్నె ఉంది, అవే గుర్తు చేస్తాయి. మీ 6:30ని గుర్తు చేసేవాళ్లెవరు?

ప్రస్తుతం మీ మీద కరెంటు బిల్లు, గ్యాస్ రసీదు, స్కూల్ ఫీజు చీటీ ఒకే మాగ్నెట్ కింద ఉన్నాయి. శనివారం చివరి గడి ఒక్కటే బయటికి కనిపిస్తోంది. "ఫ్రిజ్ పైభాగం" అని ఉంది. ఈ శనివారం చేద్దామనే అనుకున్నా. పైకి చేయి అందాలంటే స్టూల్ కావాలి. స్టూల్ మీద మొన్న ఉతికిన బట్టలున్నాయి.

ఇట్లు,
మిమ్మల్ని గీసిన పాపాత్మురాలు