వడియాల కేసు: ఒక సాంకేతిక పరిశీలన

గడిచిన మే నెలలో ఒక మధ్యాహ్నం మా అపార్ట్‌మెంటు టెర్రస్ మీద ఆరబెట్టిన సగ్గుబియ్యం వడియాలు మాయమయ్యాయి. ఒక పాత చీర నిండా పెట్టినవి. చీర ఉంది, నాలుగు మూలలా బరువుకి పెట్టిన ఇటుక ముక్కలున్నాయి, వడియాలు లేవు. మేముండేది తిరుపతిలో, కపిలతీర్థానికి కూతవేటు దూరం. ఆ వీధిలో చేతిలో అరటిపండుతో పదడుగులు నడిచిన ఎవరినడిగినా నేరస్థులెవరో చెబుతారు. వాళ్లు కొండ మీంచి దిగుతారు. వాళ్లకి తోకలుంటాయి.

మా ఆవిడ పైకెళ్లి చూసి, "పాడు కోతులు" అని రెండు ముక్కల్లో దర్యాప్తు ముగించి, చీర దులుపుకుని కిందికొచ్చేసింది.

కేసు అక్కడితో మూసేయాల్సిందే. కానీ మా మేనల్లుడు సెలవులకి వచ్చి ఉన్నాడు. చెన్నైలో విజువల్ కమ్యూనికేషన్ రెండో ఏడు. నెల రోజులుగా మా సోఫా మీద పడుకుని ప్రపంచంలో ఉన్న హంతకులందరినీ వరసపెట్టి చూస్తున్నాడు. "ఏం మామా, ఇట్లా ఒక్క మాటలో తేల్చేస్తే ఎవరు చూస్తారు? మూడు ఎపిసోడ్లకి సరిపడా మెటీరియల్ ఉంది" అన్నాడు. అన్నవాడు ఊరుకోలేదు, తీశాడు. ఒక్కోటి పద్దెనిమిది నిమిషాలు. మూడింటినీ రెండేసి సార్లు చూశాను. క్రైమ్ డాక్యుమెంటరీ శిల్పం మీద తెలుగులో గంభీరమైన విమర్శ రావాల్సిన అవసరం ఎంతైనా ఉంది కాబట్టి ఈ వ్యాసం.

ముందు ఆకాశం. నేరం ఎక్కడ జరిగినా కథ మాత్రం ఆకాశంలోంచే మొదలవ్వాలి. పైనుంచి నెమ్మదిగా చూపిస్తే ఎంత అమాయకపు ఊరైనా ఏదో దాస్తున్నట్టే ఉంటుంది. ఇందుకు డ్రోన్ కావాలి. తిరుమల కొండ మీద డ్రోన్లు ఎగరేయడం నిషేధం, పైగా మావాడి దగ్గర డ్రోనూ లేదు. మామిడికాయలు కోసే దోటి చివర ఫోను కట్టి, పిట్టగోడ మీంచి చాచి తిప్పాడు. నీళ్ల ట్యాంకులు, కేబుల్ వైర్లు, ఎదురింటివాళ్ల లుంగీలు, వెనకాల ఎర్రగా శేషాచలం. దాని మీద తెల్లక్షరాలు ఒక్కోటే టకటకా పడ్డాయి: "తిరుపతి. మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలు." ఆ పది నిమిషాలు ఎక్కడివిరా అన్నాను. "మధ్యాహ్నం అని ఊరికే వేస్తే అత్తయ్య చెప్పినట్టుంటుంది మామా. నిమిషాలు వేస్తే పోలీసులు చెప్పినట్టుంటుంది" అన్నాడు. నాకు తెలిసిన విమర్శకులెవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

తర్వాత శబ్దం. అడుగున తంబురా శ్రుతిలాంటి గుయ్‌మనే మోత ఒకటి ఎప్పుడూ ఉండాలి. మావాడు మా కుక్కర్ విజిల్‌ని రికార్డు చేసి, ఎనిమిది రెట్లు నిదానం చేశాడు. అది విన్నాక నేను పప్పు తినడానికి రెండు రోజులు జంకాను. సినిమాల్లో ఎముక విరిగే చప్పుడు కోసం కాడలూ కూరలూ విరుస్తారని వాడెక్కడో చదివాడట. అనుమానితుడి అడుగుల చప్పుడు కోసం నిరుడు పెట్టిన వడియాలు వేయించి, మైకు పక్కన పెట్టి తొక్కాడు. కోతులు ఎత్తుకుపోయినవి ఒక చీరెడు. దర్యాప్తులో నలిగినవి ఒక డబ్బాడు. మా ఆవిడ లెక్కలో రెండో నేరమే పెద్దది.

ఇక సాక్షులు. చీకటి గది, పక్కనుంచి కిటికీ వెలుతురు, ముందు గ్లాసు నీళ్లు. వచ్చి కూర్చుని, మైకు సర్దుకుని, "ఇటు చూడమంటారా?" అని అడిగే ముక్కని కత్తిరించకుండా ఉంచాలి. అది ఉంటే ఆ మనిషి నిజం చెప్పబోతున్నట్టు మనకి నమ్మకం కలుగుతుంది. మూడో అంతస్తు ఆవిడ వడియాల గురించి సాక్ష్యం చెప్పడానికి పట్టుచీర కట్టుకుని వచ్చారు. పన్నెండు నిమిషాలు మాట్లాడారు. ఆ రోజు తాను ఊళ్లో లేనన్నది అందులో పదకొండో నిమిషం. ఆ నిమిషం సినిమాలో లేదు.

మా ఆవిడ ఇంటర్వ్యూ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1920ల ప్రాంతంలో లెవ్ కులెషోవ్ అనే రష్యా దర్శకుడు ఒకే నటుడి ఒకే ముఖాన్ని ఒకసారి సూపు గిన్నెతో, ఒకసారి శవపేటికతో అతికించి చూపించాడనీ, చూసినవాళ్లు ఆకలి ఎంత బాగా నటించాడు, దుఃఖం ఎంత బాగా నటించాడు అని మెచ్చుకున్నారనీ చెబుతారు. మావాడి సినిమాలో ఖాళీ చీర కనిపిస్తుంది, తర్వాత మా ఆవిడ ముఖం, తర్వాత మెట్లు దిగిపోతున్న వాచ్‌మన్ వీపు. ఆ ముఖంలో ఆందోళన, ద్రోహం తాలూకు బాధ, అన్నీ పలికాయి. షూటింగప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆమె చూస్తున్నది పొయ్యి మీద పొంగబోతున్న పాలని.

వాచ్‌మన్ ఇందులోకి ఎలా వచ్చాడంటారా? ఎవరో ఒకరు రావాలి గదా. కోతిని నిలబెట్టి ఇంటర్వ్యూ తీసుకోవడం కుదరదు. పైగా మా వాచ్‌మన్ దగ్గర ఒక ఫోటో దొరికింది.

ఆయనది చిత్తూరు వైపు పల్లె. ఆ పల్లెల్లో భారతం జరుగుతుంది. 18 రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రికి నాటకం. చివరి రోజు నేల మీద కొండంత మట్టి దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి, భీముడి వేషం వేసినవాడు తొడ మీద కొడితే ఎర్రనీళ్లు చిమ్ముతాయి. పగలు ఒకాయన కూర్చుని కథ వివరించడం, రాత్రి అదే కథ మనుషులు చేసి చూపించడం! టాకింగ్ హెడ్, రీఎనాక్ట్‌మెంట్ అని మావాడు ఫీజు కట్టి నేర్చుకుంటున్నవి ఇవే. మా వాచ్‌మన్ వయసులో ఉన్నప్పుడు ఆ నాటకంలో దుశ్శాసనుడి వేషం కట్టేవాడు. రంగు వెలిసిన ఫోటో, అరచెయ్యంత మీసం, ఉరిమి చూస్తున్న కళ్లు. ఆయనే ముచ్చటపడి తెచ్చి చూపించాడు. మావాడు దాన్ని తెర నిండా పెట్టి, మీసం మీంచి కళ్ల దాకా ముప్ఫై సెకన్లు మెల్లగా జరిపాడు. కుక్కర్ మోత పెరిగింది. కింద అక్షరాలు: "చీరలతో అతనికి పాత సంబంధం ఉంది."

ఇది నవ్వులాట అనుకునేవాళ్లకి ఒక్క మాట. 2018లో ఢిల్లీ బురారీలో ఒకే ఇంట్లో 11 మంది చనిపోయినప్పుడు, ఆ ఇంటి గోడకి ఉన్న 11 పైపుల్ని చానళ్లు గీతలు గీసి మరీ చూపించాయి. మా టెర్రస్ మీదా ఏడు పైపులున్నాయి. ఫ్లాట్లు ఎనిమిది. అది చాలు, రెండో సీజన్ తీసుకోవచ్చు.

నటులతో మళ్లీ జరిపించి చూపే పద్ధతికి ఒక గౌరవప్రదమైన పుట్టుపూర్వోత్తరం ఉంది. 1976లో అమెరికాలోని డల్లాస్‌లో ఒక పోలీసు అధికారిని ఎవరో కాల్చి చంపారు. ఆ కేసులో ర్యాండల్ ఆడమ్స్ జైలుపాలయ్యాడు. అంతకుముందు కొంతకాలం ప్రైవేట్ డిటెక్టివ్‌గా పనిచేసిన ఎరల్ మోరిస్ 1988లో ఆ కేసు మీద 'ది థిన్ బ్లూ లైన్' అనే డాక్యుమెంటరీ తీశాడు. ఒక్కో సాక్షి ఎలా చెబితే అలా ఆ రాత్రిని మళ్లీ మళ్లీ తీశాడు. గాల్లో ఎగిరి నిదానంగా రోడ్డు మీద పడే మిల్క్‌షేక్ కప్పు షాటు అందులోదే. ఆయన ఉద్దేశం ఇదీ జరిగింది అని చూపడం కాదు, ఈ సాక్షుల మాటలు ఒకదానికొకటి పొసగడం లేదు చూడండి అని. మరుసటి ఏడు ఆడమ్స్ విడుదలయ్యాడు. ఆయన వెనకాల వచ్చినవాళ్లలో చాలామంది ఆ అనుమానాన్ని అక్కడే వదిలేసి, మిల్క్‌షేక్ మాత్రం తెచ్చుకున్నారు.

మావాడు మజ్జిగ తెచ్చుకున్నాడు. స్టీలు గ్లాసు గాల్లో గిర్రున తిరిగి, మజ్జిగ తెల్లటి రెక్కలా విచ్చుకుని, సిమెంటు మీద పడుతుంది. ఐదు టేకులు. ఈ కేసుకీ మజ్జిగకీ ఏమిట్రా సంబంధం అంటే "మూడ్ మామా" అన్నాడు. టెర్రస్ కడిగింది నేను. అంతటితో నన్ను వదల్లేదు. వాచ్‌మన్ వేషానికి మనిషి దొరకలేదని నా కాళ్లకి హవాయి చెప్పులు తొడిగి, మెట్ల మీద నిదానంగా నడిపించాడు. గోడ మీద వంగి కదిలే ఆ నీడ నాది. చీర కొంగు ఎత్తే ఆ చెయ్యి నాది, ఉంగరం తీయించాడు. సినిమా చూశాక రెండో అంతస్తాయన నా భుజం తట్టి, "ఆ నడక చూస్తే తెలిసిపోలా, వాచ్‌మనే" అన్నారు. నటుడిగా నాకది మొదటి ప్రశంస.

అన్నింటికన్నా గొప్ప పని కత్తెర దగ్గర జరిగింది. ఇక్కడా మావాడికి పెద్దల దారి ఉంది. 2015లో వచ్చిన 'ది జింక్స్' అనే అమెరికా డాక్యుమెంటరీ సిరీస్ చివర, హత్యల అనుమానం ఉన్న రాబర్ట్ డర్స్ట్ అనే సంపన్నుడు మైకు తీయడం మరిచి బాత్రూంలోకి వెళ్లి తనలో తాను గొణుక్కుంటాడు. అందరినీ చంపేశానని ఒప్పుకున్నట్టే వినిపిస్తుంది. తర్వాత 2019లో కోర్టు కాగితాల్లో ఆ గొణుగుడు పూర్తి పాఠం బయటపడితే, సినిమాలో మాటల వరస మార్చి అతికించారని తేలింది. 2021లో జ్యూరీ అతన్ని హత్య కేసులో దోషి అనే తేల్చింది, అది వేరే సంగతి. వరస మార్చకపోయినా ఆ కేసు నిలబడేదన్నమాట. అయినా మార్చారు, ఎందుకంటే మార్చితే బాగుంటుంది.

మా వాచ్‌మన్ కెమెరా ముందు చెప్పింది ఇది: "పొద్దున ట్యాంకు మూత నేనే తీసినా సార్, నీళ్లు ఎంతుండాయో చూసేదానికి. వడియాలు నేను చూడనే లేదు." సినిమాలో వినిపించేది ఇది: "వడియాలు..." ఒక పావురం ఎగిరింది. "నేనే తీసినా సార్." పాఠకులు ఒకటి గుర్తుంచుకోవాలి. డాక్యుమెంటరీలో పావురం ఊరికే ఎగరదు. ఎగిరిందంటే అక్కడ ఒక వాక్యం తెగిందని.

మరి కోతులు? ఎదురింటి ముసలమ్మ మొదటి రోజే చెప్పేసింది. "కోతులు నాయనా, మూడు. దాంట్లో ఒకటి పిల్లనెత్తుకోనుండె. వాళ్ల చీర మీద కూర్చోని తినె, పిలకాయల మాదిరి." ఇంత నిండు సాక్ష్యం, పిల్లకోతితో సహా! దీన్ని మొదట్లో పెడితే సినిమా నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. అందుకని మొదటి ఎపిసోడ్ చివర ముసలమ్మ ముఖం వస్తుంది, "నేను చూసినా" అంటుంది, తెర నల్లబడుతుంది. రెండో ఎపిసోడ్‌లో ఆమె రాదు. మూడో ఎపిసోడ్ పదహారో నిమిషంలో "కోతులు నాయనా" అంటుంది. ముప్ఫై నాలుగు నిమిషాల కుక్కర్ మోత తర్వాత ఆ మాట వింటే, ముసలమ్మకి వయసైపోయింది పాపం అనిపిస్తుంది.

ఒక ఆదివారం రాత్రి సెల్లార్‌లో తెల్ల పంచె కట్టి ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఎనిమిది ఫ్లాట్లవాళ్లూ వచ్చారు. వాచ్‌మన్ భార్య టీ కలిపి ఇచ్చింది, వెనకాల స్తంభం దగ్గర నిలబడి చూసింది. అయిపోయాక చప్పట్లు కొట్టారు. కోతులేనని అందరూ ఒప్పుకున్నారు. మర్నాడు పొద్దున మూడో అంతస్తావిడ మా ఇంటికొచ్చి, "కోతులే అనుకోండి, కానీ ఆ కళ్లు చూశారా?" అన్నారు. బుధవారం అసోసియేషన్ మీటింగులో, ఎవరి మీదా అనుమానం లేదంటూనే, టెర్రస్ తాళంచెవి ఇక నుంచి ప్రెసిడెంటుగారి దగ్గర ఉండాలని తీర్మానం చేశారు. ఇప్పుడు ట్యాంకులో నీళ్లు చూడాలంటే వాచ్‌మన్ నాలుగో అంతస్తు ఎక్కి, కాలింగ్ బెల్ కొట్టి, తాళంచెవి అడిగి తీసుకుని, మళ్లీ ఇచ్చి దిగుతున్నాడు. రోజుకి రెండు సార్లు. ఆయన మోకాళ్లు ఇప్పుడు దుశ్శాసనుడివి కావు. కోతులు మాత్రం మామూలుగానే వస్తున్నాయి, వాటికి తాళంచెవితో పని లేదు.

ఆయన మావాణ్ణి ఒక్క మాట అనలేదు. "ఫోటో బాగా పెద్దది చేసినావు నాయనా, మీసం బాగా కనిపించె" అన్నాడంతే.

ఆ వారమే ఊళ్లో గంగమ్మ జాతర. తెలియనివాళ్లకి చెప్పాలి, తాతయ్యగుంట గంగమ్మది కూడా క్రైమ్ కథే. ఆడవాళ్లని చెరుస్తున్న పాలెగాడు దాక్కుంటే, వాణ్ణి వెతుక్కుంటూ అమ్మవారు రోజుకో వేషం వేసిందని, చివరికి దొర వేషంలో వెళితే వాడు బయటికొచ్చి దొరికిపోయాడని కథ. ఊరంతా ఏటా ఆ వేషాలే వేస్తుంది. మావాడు ఎగబడి షూట్ చేశాడు. దొర వేషం నాడు పాలెగాడి తల తెగాక ఇంటికొచ్చేసి, "క్లైమాక్స్ అయిపోయింది మామా" అన్నాడు. అయిపోలేదని మా ఆవిడ చెప్పింది. మర్నాడు మాతంగి వేషం ఉంది. చంపిన అమ్మవారే మాతంగిలా వెళ్లి పాలెగాడి పెళ్లాన్ని ఓదార్చిందని చెబుతారు. "దాంట్లో సస్పెన్స్ ఏముంది అత్తా?" అన్నాడు వాడు.

మాతంగి వేషం నాటి సాయంత్రం మా ఆవిడ మిగిలిన వడియాలు వేయించి, స్టీలు డబ్బాలో పోసి, కిందికి తీసుకెళ్లింది. వాచ్‌మన్ భార్య గది బయట కూర్చుని బియ్యం ఏరుతోంది. ఈమె డబ్బా చేతికిచ్చి, పక్కనే మెట్టు మీద కూర్చుంది. ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మావాడు స్కూటర్ల మధ్యనుంచి ఫోను పట్టుకుని లేచాడు. "అత్తా, డబ్బా ఇంకోసారి ఇస్తావా? ఆమె మొహం మీద వెలుతురు పడలా."