వంకాయకి నిషేధం, చుట్టకి మినహాయింపు

మా చెల్లి పురిటికి వచ్చి ఇవాళ్టికి నలభై రోజులు. ఈ నలభై రోజులూ మా ఇంట్లో అమలైనంత కఠినమైన చట్టాలు ఈ దేశంలో ఎమర్జెన్సీ రోజుల్లో కూడా అమలై ఉండవని నా నమ్మకం. వంకాయ తింటే బిడ్డకి గజ్జి, గోంగూర తింటే వేడి, పెరుగు తింటే జలుబు, శనగపప్పు తింటే కడుపులో గాలి, మామిడికాయ వైపు చూస్తే చాలు విరేచనాలు. చల్లటి నీళ్ళ సంగతి అసలు అడగొద్దు. మే నెలలో విజయనగరంలో చెవుల్లో దూది, తలకి గుడ్డ, చేతిలో వేడినీళ్ళ గ్లాసు పెట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే నాకే చెమటలు పడుతున్నాయి. అన్నిటికీ అమ్మ చెప్పే కారణం ఒక్కటే: "తల్లి తిన్నదే బిడ్డ తింటాది."

ఈ సిద్ధాంతాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఒక వంకాయ ముక్క ఎన్ని గంటల్లో పాలలోకి దిగి, ఏ రోజున బిడ్డ మోచేతి మీద దద్దురుగా తేలుతుందో అమ్మ వేలు పెట్టి చూపించగలదు. అంతటి నిపుణురాలు కిందటి వారం ఒక సాయంత్రం పాపని ఎత్తుకుని తిన్నగా తీసుకెళ్ళి మా మామ్మ ఒళ్ళో పెట్టింది.

మామ్మ అప్పుడు అడ్డపొగ తాగుతోంది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మా ఉత్తరాంధ్రలో పెద్దవయసు ఆడవాళ్ళు చుట్టని అందరిలా కాల్చరు, నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని పెదాలు బిగిస్తారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా అలా మొదలైందని కొందరంటారు, మగాళ్ళ కంటపడకుండా అని ఇంకొందరంటారు. అంగిలికి వచ్చే కాన్సర్ గురించి డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు గానీ, మామ్మ దృష్టిలో దీని అసలు లాభం వేరు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కూర తరగొచ్చు, చేట పట్టొచ్చు, మునిమనవరాలిని ఊపొచ్చు. పెదాల సందులోంచి సన్నగా పొగ వస్తుంటే పాప దాని వైపే కళ్ళార్పకుండా చూస్తోంది. అమ్మ పక్కనే కూర్చుని, రేపు చెల్లికి పెట్టే బీరకాయ కూరలో కారం ఎంత వెయ్యాలో ఆలోచిస్తోంది.

ఇక మా బావ. హైదరాబాద్‌లో ఉద్యోగం, శని ఆదివారాలు ఇక్కడికి వస్తాడు. చదువుకున్నవాడు కదా, పసిబిడ్డ ఉన్న ఇంట్లో కాల్చకూడదని తెలుసు. మేడ మీదికి వెళ్ళి, పిట్టగోడకి ఆనుకుని, ఊరి వైపు తిరిగి కాలుస్తాడు. ఒక పిప్పరమెంటు బిళ్ళ నోట్లో వేసుకుని కిందకి దిగి, అదే చొక్కాతో పాపని గుండెకి హత్తుకుంటాడు. పొగ చొక్కాకి, మీసానికి, వేళ్ళకి అంటుకుని వస్తుందంటే నవ్వుతాడు. పొగేమన్నా బొద్దింకా, వెంట రావడానికి?

మొన్న శనివారం రాత్రి పాప రెండు గంటలు ఏకబిగిన ఏడ్చింది. వెంటనే వైద్యమండలి సమావేశమైంది. దిష్టి అని మామ్మ, కడుపులో గాలి అని అమ్మ, చెవిపోటు అని పక్కింటి పెద్దమ్మ. బావ మాత్రం ఫోన్లో వెతికి "పాలు చాలట్లేదేమో" అన్నాడు. చివరికి తప్పు చెల్లిదని తేలింది. మధ్యాహ్నం ఎవరూ చూడకుండా ఒక చెంచా పెరుగు తిన్నదట. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. ఆ ఘాటుకి పాప ఇంకో అరగంట ఏడ్చింది. తెల్లారి నీళ్ళు పోశాక సాంబ్రాణి కూడా వేశారు. పొగ మీద మా వాళ్ళకి ఉన్న భక్తి అలాంటిది, ఏ రూపంలో వచ్చినా కాదనరు.

మా ఇంటి వైద్యమండలి ఒప్పుకోదు గానీ, పాలలోకి ఏది దిగుతుందో నిజంగానే కొలిచి చూసినవాళ్ళు ఉన్నారు. తల్లి సిగరెట్ తాగితే ఆమె రక్తంలో ఉన్న నికోటిన్‌కి దాదాపు మూడు రెట్లు పాలలో ఉంటుంది, అది సగానికి తగ్గడానికి గంటన్నర పైనే పడుతుంది. 2007లో ఫిలడెల్ఫియాలో పదిహేను మంది తల్లులతో ఒక పరిశీలన చేశారు. తల్లి సిగరెట్ తాగి పాలిచ్చిన రోజు మూడున్నర గంటల్లో బిడ్డ సుమారు 53 నిమిషాలు నిద్రపోతే, తాగని రోజు 84 నిమిషాలు పోయింది. పాల వాసన కూడా మారుతుంది, అరగంట నుంచి గంటలోపు ఆ వాసన బాగా ఎక్కువగా ఉంటుంది. పొగతాగే తల్లులకి పాలు తగ్గడమూ మామూలే, పాలు పడటానికి కావలసిన ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ని నికోటిన్ తగ్గిస్తుంది. అసలు తల్లి తాగకపోయినా, ఇంట్లో ఇతరులు వదిలే పొగ వల్ల కూడా కొద్దిగా నికోటిన్ ఆమె పాలలో కనిపిస్తుంది. బిడ్డ నేరుగా పీల్చే పొగ వల్ల వచ్చే చెవి ఇన్ఫెక్షన్లు, న్యుమోనియా, నిద్రలోనే ఊపిరి ఆగిపోయే ప్రమాదం, ఇవన్నీ అదనం. ఇంత చేసే పదార్థం పత్యం లిస్టులో లేదు, వంకాయ ఉంది. వంకాయకి ఒక బోర్డు లేకపోవడం వల్లే ఈ అన్యాయం జరిగిందని నాకు అనుమానం. పొగాకుకి 1976 నుంచే గుంటూరులో కేంద్ర ప్రభుత్వ బోర్డు ఉంది మరి.

చట్టం లేదా అంటారేమో. లేకేం, 2003లోనే వచ్చింది. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం మీద నిషేధం గట్టిగా అమల్లోకి తెచ్చారు. అంటే పాపని తీసుకెళ్ళి బస్టాండులో పడుకోబెడితే కాగితం మీదన్నా రక్షణ ఉంది. ఊయల బహిరంగ ప్రదేశం కాదు.

(నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే తల్లులు ఒళ్ళో తంబాకు చాట, పక్కన పసిబిడ్డతో కూర్చుంటారు. ఒక్క బీడీ కూడా కాల్చకుండానే ఆ దుమ్ము రోజంతా పీలుస్తారు. దాని మీద నాకు వెటకారం రావడం లేదు, కాబట్టి వదిలేస్తున్నాను.)

ఇప్పటిదాకా చెప్పింది మగాళ్ళ పొగ, ముసలమ్మల పొగ. దానికి మర్యాద ఉంది. చెల్లి ఆఫీసు స్నేహితురాలు ఒకామె కడుపుతో ఉన్నన్నాళ్ళూ సిగరెట్ పూర్తిగా మానేసింది, కాన్పయిన మూడో నెలలో నిద్రలేమికీ టెన్షన్‌కీ మళ్ళీ రోజుకి రెండు మొదలుపెట్టింది. ఇది అత్తగారికి తెలిసింది. ఇంట్లో జరిగిన చర్చలో నికోటిన్ అనే మాట ఒక్కసారి కూడా రాలేదట, "పరువు" అనే మాట మాత్రం చాలాసార్లు వచ్చిందట. రోజుకి పెట్టె ఖాళీ చేసే మామగారే ఆ చర్చకి అధ్యక్షులు. చివరికి ఇచ్చిన తీర్పు ఏమిటంటే, అమ్మాయి పాలివ్వడం మానేసి డబ్బాపాలు పట్టాలి. సిగరెట్ గురించి తీర్పులో ప్రస్తావన లేదు, ఎలాగూ ఆమె బాత్రూంలో దాక్కుని కాలుస్తుంది కనక పరువుకి ఢోకా లేదు.

పిల్లల డాక్టరు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చెప్పారు. మానగలిగితే మానేయండి, అదే అన్నిటికన్నా మేలు, మానడానికి మందులూ ఉన్నాయి, అడగండి. వెంటనే మానలేకపోతే పాలు మాత్రం ఆపొద్దు, పొగ ఉన్న ఇంట్లో పెరిగే బిడ్డకి ఆ పాలే కాపుదల. కాల్చేదేదో పాలిచ్చిన తర్వాత, ఇంటి బయట, మళ్ళీ పాలిచ్చే టైముకి వీలైనంత దూరంగా. ఖైనీకి మారితే పొగ లేదు కదా అనుకోవద్దు, నికోటిన్ అదే. ఇంత సాదాగా చెప్పే మనిషి దగ్గరికి ఆమె రెండు నెలలు వెళ్ళలేదు, ఆవిడ కూడా పరువు గురించే మాట్లాడతారేమోనని.

ఇదంతా చెల్లి నాకు చెప్పింది ఆదివారం పొద్దున్న. చెప్పి, లేచి వెళ్ళి అమ్మతో ఒక మాట అంది. డాక్టర్లు, ఫిలడెల్ఫియా, ప్రొలాక్టిన్, ఏదీ చెప్పలేదు. "అమ్మా, పొగ మైల" అంది.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"చుట్ట గానీ సిగరెట్ గానీ ముట్టుకుంటే మైలే. తలస్నానం చేసి, బట్ట మార్చుకునే పిల్లని ముట్టుకోవాలి."

సైన్సుకి ఇన్నేళ్ళలో చేతకానిది ఒక్క పూటలో అయిపోయింది. ఆ సాయంత్రం బావ మూడోసారి స్నానం చేసి వస్తుంటే, ఎవరు పోయారోనని పక్కింటి పెద్దమ్మ పరామర్శకి వచ్చింది. రోజుకి ఆరు చుట్టలు కాల్చే మామ్మ ఆరుసార్లు తల తడుపుకోలేక రెండుకి దిగింది. ఇప్పుడే తడిజుట్టుతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడి అరుస్తోంది: "నీళ్ళోసుకున్నానర్రా, ఏదీ, పిల్లనిలా ఇయ్యండి."

వంకాయ మీద నిషేధం ఇంకా ఎత్తలేదు.