పొదుపు చేయించడం ఎలా?

ఈ దేశంలో పొదుపు గురించి నికరమైన అవగాహన ఉన్నది ఇద్దరికే. ఒకటి, పాత ప్రణాళికా సంఘం. రెండు, నేను. ఆ సంఘాన్ని తీసేసి 2015 జనవరిలో నీతి ఆయోగ్‌ను పెట్టారు కాబట్టి ఇక మిగిలింది నేనొక్కణ్ణే. ఆ బాధ్యతతోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కుర్రకారుకు గుర్తుండదు గానీ, 2011 సెప్టెంబర్‌లో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు ఒక అఫిడవిట్ ఇచ్చింది. పట్నంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు ఖర్చుపెట్టగలిగిన మనిషి పేదవాడు కాడని అందులో తేల్చింది. దేశమంతా గగ్గోలు. నేను మాత్రం ఆ వార్త కత్తిరించి డైరీలో అంటించుకున్నాను. మరుసటి ఏడాది అదే సంఘం తన భవనంలో రెండు మరుగుదొడ్లు బాగుచేయించుకోవడానికి 35 లక్షలు పెట్టిందని బయటికొచ్చింది. మళ్లీ గగ్గోలు. జనానికి ఈ రెండు వార్తలకీ పొంతన కుదరలేదు. నాకు కుదిరింది. పొదుపు చేసేవాడు వేరు, చేయించేవాడు వేరు. చేయించేవాడికి ప్రశాంతత కావాలి. 32 రూపాయల లెక్క తేలాలంటే ఎక్కడో ఒకచోట కాసేపు స్థిమితంగా కూర్చోవాలి కదా.

మాది రాజమండ్రి. ఒక కప్పు కింద 11 మందిమి. మా అమ్మ, మేనత్త, నేను, నా భార్య, తమ్ముడు, మరదలు, వాళ్ల పిల్లలిద్దరు, మా అబ్బాయి, కోడలు, మనవడు. నేను రైస్ మిల్లులో పద్దులు రాసి రిటైరయ్యాను. ఇంటికి రాబడి తమ్ముడి జిరాక్స్ షాపు నుంచి, మా అబ్బాయి జీతం నుంచి వస్తుంది. పెత్తనం నా నుంచి వస్తుంది.

మనిషికి 32 చొప్పున 11 మందికి రోజుకు 352 రూపాయలు. ఇదీ నేను ఇంటికి నిర్దేశించిన లక్ష్యం. అది 2011 నాటి లెక్క కదా నాన్నా అని మా అబ్బాయి అభ్యంతరం చెప్పాడు. సిద్ధాంతానికి ధరలతో పనిలేదని చెప్పాను. వాడు ఊరుకోకుండా 2023-24 కుటుంబ వినియోగ సర్వే తీసి చూపించాడు. పట్టణాల్లో మనిషికి నెలకు సగటు ఖర్చు 6,996 రూపాయలట. నేను అప్పటికప్పుడు 11తో గుణించి, ఈ ఇంట్లో నెలకు 76,956 రూపాయలు ఖర్చవుతున్నాయని ప్రకటించాను. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, "అవి ఎక్కడ పెట్టారండీ?" అని అడిగింది. సగటు అంటే ఏమిటో వంటింటివాళ్లకు బోధపరచడం కష్టం.

ఇక నా విధానాల విషయానికొస్తాను.

బియ్యం దగ్గర నేను వేలు పెట్టలేదు. మిల్లులో పనిచేసినవాణ్ణి, బియ్యం విలువ నాకు తెలుసు. 2022 జూలైలో 25 కిలోల లోపు ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేస్తే, మిల్లర్లు 26 కిలోల బస్తా కుట్టి పన్ను తప్పించారు. అంత సొగసైన ఆర్థిక సంస్కరణ నా జీవితంలో చూడలేదు. ఆ బస్తా మా ఇంట్లో పది రోజులు కూడా రాదు. అది బస్తా తప్పు కాదు.

సంస్కరణ మొదలుపెట్టింది పప్పుతో. 2015లో కందిపప్పు కిలో 200 దాకా వెళ్లినప్పుడు ముద్దపప్పును పప్పుచారుగా మార్పించాను. తర్వాత పప్పుచారులో పప్పు తగ్గించి, దానికి చారు అనే పేరు ఖాయం చేశాను. ధర దిగింది కదండీ, మళ్లీ ముద్దపప్పు వండమంటారా అని ఆవిడ అడిగింది. ఒకసారి వేసిన భారాన్ని ధర దిగినంత మాత్రాన దించకూడదు. పెట్రోలు విషయంలో ప్రభుత్వాల దగ్గర నేర్చుకున్న పాఠం ఇది.

2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలై సన్‌ఫ్లవర్ నూనె మండిపోయింది. నేను వెంటనే స్పందించి ఇంట్లో గారెలు, బజ్జీలు, అప్పడాలు నిషేధించాను. పండక్కి కూడా మినహాయింపు ఇవ్వలేదు. యుద్ధం ఆగితే చూద్దామన్నాను. ఆ నిషేధ కాలంలో నేను సాయంత్రంపూట గోదావరి గట్టున బండి దగ్గర పునుగులు తిన్నాను. ఇంటి నూనె ఒక్క చుక్క కూడా వాడలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను.

టమాటా కథ ఇంకా విశేషం. 2023 జూలైలో కిలో 200 పలికినచోట్ల పలికింది. టమాటా మాటే ఎత్తొద్దన్నాను, చింతపండుతో నడిపించారు. తర్వాత ధర పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోస్తున్నారని టీవీలో చూసి, మార్కెట్‌కు వెళ్లి రెండు ట్రేలు దింపించాను. నిల్వ పచ్చడి పెట్టేయండి, ఏడాదంతా కూర ఖర్చు ఉండదని చెప్పాను. కడగడం, తుడవడం, కోయడం, మిద్దెమీద ఎండబెట్టడం, కాకుల్ని తోలడం, మళ్లీ దించడం. ముగ్గురు ఆడవాళ్లు ఏం చేశారో నాకు పూర్తిగా తెలియదు, ఆ రోజుల్లో భోజనం ఆలస్యమయ్యేది కాబట్టి ఏదో చేశారని అర్థమైంది. చివర్లో పచ్చడికి పట్టిన నూనె, టమాటాల కంటే ఎక్కువ ఖరీదయిందని మరదలు లెక్క చెప్పింది. టమాటా పద్దు వేరమ్మా, నూనె పద్దు వేరమ్మా అన్నాను. టమాటా పద్దులో మనకు లాభం వచ్చింది. మరి కూలీ పద్దు ఏది బావగారూ అంది. నా పుస్తకంలో అలాంటి పద్దు లేదు. దేశపు స్థూల ఉత్పత్తి లెక్కల్లోనే ఆడవాళ్ల వంటపనికి గళ్లు లేవు, నేనెక్కడ గీస్తాను?

ఈ సందర్భంలోనే మరో ప్రభుత్వ సర్వేను ఖండించాల్సి ఉంది. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు చేస్తుంటే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు చేస్తున్నారట. ఈ 88 నిమిషాల మగవాళ్లెవరో ప్రభుత్వం వెంటనే బయటపెట్టాలి. మా వంశానికి దీంతో ఎలాంటి సంబంధం లేదు.

కొందరు అసూయాపరులు నా పులస ప్రస్తావన తెస్తారు. వరద నీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చే చేప అది. దొరికే కాలమే కొద్దిరోజులు. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు పెద్దలు. ఎవరి పుస్తెలో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఖర్చును నేను తిండి పద్దులో వేయను, సంస్కృతీ పరిరక్షణ కింద వేస్తాను. పైగా ఒక్క చేప 11 మందికి ఎలా సరిపోతుంది? అందుకని న్యాయమైన పద్ధతి పెట్టాను. ముక్కలు మొదటి బంతిలో కూర్చునే మగవాళ్లకు, పిల్లలకు. పులుసు ఆఖరి బంతిలోని ఆడవాళ్లకు. పులస పులుసు మర్నాటికి ఇంకా రుచెక్కుతుందని గోదావరి జిల్లాల్లో ఎవర్నడిగినా చెబుతారు. కాబట్టి ఈ పంపకంలో నిజంగా లాభపడింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

అసలు ఆఖరి బంతిని ఆర్థిక నిపుణులు ఇంకా గుర్తించకపోవడం విచారకరం. రిజర్వ్ బ్యాంకు ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర నిలపడానికి నానా తంటాలు పడుతోంది. మా ఇంటి ఆఖరి బంతిలో ద్రవ్యోల్బణమే లేదు. వంకాయ ధర ఎంత పెరిగినా అక్కడ కూర్చున్నవాళ్లకు చీమ కుట్టినట్టయినా ఉండదు. గిన్నెలో లేని కూరకు ధర ఎలా పెరుగుతుంది? మజ్జిగ, ఊరగాయ. ఈ రెండింటి మీద ఇంత పెద్ద కుటుంబం నిలబడి ఉంది. చెప్పకుండా నలుగురు చుట్టాలు దిగినా మా ఇంట్లో టెన్షన్ ఉండదు. మొదటి బంతికి ఏ లోటూ రాదు. ఆఖరి బంతి దానంతటదే సర్దుకుంటుంది.

ఇక కరెంటు. ఇక్కడ మాత్రం నాకు ప్రభుత్వం మీద నిజంగానే కోపం ఉంది. మీటరుకు మనుషుల్ని లెక్కపెట్టడం రాదు. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు. వాడకం పెరిగేకొద్దీ శ్లాబు మారి, 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. ఎదురింట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరే, చవక శ్లాబులో చల్లగా ఉన్నారు. మేం 11 మందిమి ఒక్క మీటరు కింద కలిసిమెలిసి ఉన్నందుకు కోటీశ్వరుల శ్లాబులో కూర్చున్నాం. మనిషికి ఇన్ని యూనిట్లని చూస్తే వాళ్ల కంటే మేమే పొదుపరులం. కానీ అలా చూసేవాడెవడు? 2024 అక్టోబర్‌లో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు పిల్లల్ని ఎక్కువమందిని కనండని పిలుపునిచ్చారు. నవంబర్‌లో స్థానిక ఎన్నికల పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఎత్తేశారు. కన్న పిల్లలు ఏ శ్లాబు కింద పడుకోవాలో మాత్రం చెప్పలేదు.

అంతటితో ఆగలేదు. రైస్ కార్డుకు ఉన్న షరతుల్లో కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదన్నది ఒకటి. మేం దాటాం, కార్డు పోయింది. తర్వాత 2025లో తల్లికి వందనం వచ్చింది. చదువుకునే పిల్లలు ఎంతమంది ఉంటే అంతమందికీ, తల్లి ఖాతాలో తలకు 13,000. తలల్ని లెక్కపెట్టే పథకం ఇన్నాళ్లకు వచ్చిందని సంతోషించి, మరదలికి రాబోయే 26,000 ఉమ్మడి ఖజానాకు జమ అవుతుందని ముందే ప్రకటించాను. "అది తల్లికి వందనం బావగారూ, పెదనాన్నకు కాదు" అంది. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. ఈలోగా ఆ 300 యూనిట్ల షరతు దీనికీ వర్తిస్తుందని తెలిసింది, డబ్బు రాలేదు. అలా మా ఇంట్లో తలెత్తిన వివాదం సామరస్యంగా సమసిపోయింది.

హాల్లో ఒక్క ఫ్యాను కింద ఆరుగురం సర్దుకుంటున్నాం కదా మావయ్యగారూ, మరి యూనిట్లు ఎక్కడ దాటుతున్నాయి అని కోడలు అడిగింది. చదువుకున్న పిల్ల. నా గది ఏసీ వైపు చూస్తూ అడిగింది. ఈ ఇంటి ఆర్థిక విధానాలన్నీ ఆ గదిలోనే తయారవుతాయని, మే నెల రాజమండ్రి ఎండలో బుర్ర పనిచేయకపోతే నష్టపోయేది కుటుంబమేనని వివరించాను. 35 లక్షల మరుగుదొడ్ల ఉదాహరణ కూడా చెప్పాను. సమాధానపడిందో లేదో తెలీదు, లేచి వెళ్లి అంట్లు తోముకుంది.

మొన్న ఒక విప్లవాత్మక ఆలోచన వచ్చింది. అన్న క్యాంటీన్‌లో పూటకు 5 రూపాయలు. మూడు పూటలా 11 మందికి రోజుకు 165. నా 352 లక్ష్యంలో సగానికంటే తక్కువ! గ్యాస్ ఖర్చు లేదు, నూనె లేదు, టమాటా లేదు. ఆ రాత్రే సమావేశం పెట్టి ప్రతిపాదించాను. అమ్మ ముఖం చిట్లించింది. మిగతా ఆడవాళ్లు నలుగురూ ఒక్కసారిగా చేతులెత్తారు. నా విధానానికి వంటింటి మద్దతు దొరకడం ఇదే మొదలు. "రేపట్నుంచే పోదామండీ" అంది మా ఆవిడ. "స్టవ్ అమ్మేద్దాం అత్తయ్యా, ఎంతో కొంత వస్తుంది" అంది కోడలు. మేనత్త అప్పుడే చెప్పులు వెతుకుతోంది. మరి నా డికాషన్ కాఫీ అన్నాను. ఎవరూ పలకలేదు.

ఇంట్లో పొయ్యి ఆరకూడదన్న సంప్రదాయాన్ని గౌరవిస్తూ ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నాను.

అప్పుడు మా ఆవిడ లోపలికెళ్లి ఒక పాత స్కూలు నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. పైన "ఆయన" అని రాసి ఉంది. కింద తేదీలవారీగా ఏసీ కరెంటు, కాఫీ పొడి, పులసలో వాటా, గట్టు మీద పునుగులు. రోజుకు సగటు కూడా తీసింది. సగటు తెలియదనుకున్నాను, బాగానే తెలుసు. ఆ అంకె 352 కంటే ఎక్కువా తక్కువా అన్నది ఇక్కడ రాయడం ప్రజాప్రయోజనం కాదు. పుస్తకంలో ప్రారంభ నిల్వ చూపలేదు, ఓచర్లు జతచేయలేదు, ఎడంపక్క రాయాల్సినవి కుడిపక్క రాశారు. ముప్ఫయ్యేళ్ల అనుభవంతో చెబుతున్నాను, అలాంటి లెక్కలు ఏ ఆడిట్‌లోనూ నిలబడవు.

అయినా ప్రజాస్వామ్యంలో ఫిర్యాదును కొట్టిపారేయకూడదు. నిజానిజాలు తేల్చడానికి ఏకసభ్య కమిటీ వేశాను. సభ్యుడి పేరు వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. మొదటి సమావేశం రేపు పొద్దున నా గదిలో. ఏసీ వేసి ఉంచమని, కాఫీ రెండుసార్లు పంపమని వంటింటికి కబురు పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.