థర్మాకోల్ అడవిలో ఒక టర్మ్

రాత్రి ఎనిమిది గంటల నలభై నిమిషాలకు మా అమ్మాయి చదివే పాఠశాల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చింది. మరునాడు ఉదయం రెండవ తరగతి పిల్లలందరూ 'పర్యావరణాన్ని కాపాడుదాం' అనే అంశంపై ఒక మోడల్ తీసుకురావాలనీ, అందుకు ఒక పెద్ద థర్మాకోల్ షీటు, ఆకుపచ్చ రంగు, ప్లాస్టిక్ గడ్డి, కొంచెం గ్లిట్టర్ సరిపోతాయనీ, పిల్లలు దానిని తమ చేతులతోనే చేయాలనీ, తల్లిదండ్రులు పక్కన ఉండి సలహాలు మాత్రమే ఇవ్వాలనీ అందులో ఉంది. చివర ఒక మొక్క బొమ్మ, రెండు నమస్కారాలు ఉన్నాయి.

అలంకరణకు వాడే థర్మాకోల్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించింది. బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు ఉన్న జాబితాలోనే అదీ ఉంది. సారా సీసాలతో తోరణం కట్టి మద్యనిషేధ సభ జరుపుకోవడంలో ఎంత ఔచిత్యం ఉందో, థర్మాకోల్ చెట్ల మీద పచ్చరంగు పూసి అడవిని రక్షించడంలోనూ అంతే ఉంది. అయినా ఆ సంగతి గ్రూపులో ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తిన తండ్రి కూతురికి ప్రోగ్రెస్ కార్డులో 'సహకార గుణం' అనే గడి ఎదుట ఏ అక్షరం పడుతుందో మా అందరికీ తెలుసు.

సందేశం ఎనిమిది నలభైకే ఎందుకు వస్తుందని కొత్తగా చేరిన తల్లిదండ్రులు అమాయకంగా అడుగుతుంటారు. ఏడేళ్ల పిల్ల తొమ్మిది గంటలకు నిద్రపోతుంది. ఇంకా ముందే చెబితే ఆ పిల్ల ఎక్కడ కత్తెర పట్టుకుని, అట్టముక్క ముందు కూర్చుని, నిజంగానే ఏదో ఒకటి చేసిపెడుతుందోనన్న భయం విద్యావేత్తలకు ఉంటుంది. ఆ ప్రమాదాన్ని నివారించడానికే ఈ ముహూర్తం.

తొమ్మిదిన్నరకు మా కాలనీ స్టేషనరీ షాపు ముందు రెండవ తరగతి మొత్తం బారులు తీరి ఉంది. అందరికీ ముప్పై ఐదు దాటిన వయస్సే. కొందరు నిక్కర్లతో వచ్చారు, కొందరు ఆఫీసు ఐడీ కార్డు ఇంకా మెడలోనే వేలాడుతుండగా వచ్చారు, ఒకాయన చెవిలో అమెరికా మీటింగు నడుస్తుండగా నోటితో ప్లాస్టిక్ గడ్డి ధర అడుగుతున్నారు. ఈ నగరంలో ప్రాథమిక విద్య గురించి సమగ్రమైన అవగాహన గల వ్యక్తి ఎవరైనా ఉన్నారంటే అది ఆ షాపు యజమానే. నన్ను చూడగానే "ఏ స్కూలు సార్?" అన్నాడు. చెప్పాను. "సెకండ్ క్లాసా? అయితే పర్యావరణం. మీకు సోలార్ సిస్టమ్ వచ్చే నెల. ఇప్పుడే తీసుకుపోండి, అప్పుడు శనిగ్రహానికి రింగులు దొరకవు" అన్నాడు.

షాపులో పెద్ద షీట్లు అయిపోయి ఒక్కటే మిగిలింది. దాని కోసం ఒక న్యాయవాదికీ, ఒక సాఫ్ట్‌వేర్ మేనేజరుకూ మధ్య వాదోపవాదాలు జరిగాయి. తాను ముందు వచ్చానని ఒకరు, తాను ముందు ఫోన్ చేసి చెప్పానని మరొకరు. చివరికి యజమానే మధ్యవర్తిత్వం వహించి, షీటును రెండుగా కోసి, న్యాయవాదికి అడవినీ, మేనేజరుకు ఎడారినీ కేటాయించాడు. ఎడారికి రంగు ఖర్చు తక్కువ అని ఆయనను ఓదార్చాడు కూడా.

లోపలి అరలో తయారైన మోడళ్లు వరుసగా పేర్చి ఉన్నాయి. ఇంకుడు గుంత, అగ్నిపర్వతం, గాలిమర, నవ్వుతున్న భూగోళం. ఒక్కొక్కటి ఆరువందల యాభై రూపాయలు. "పిల్లల చేతివాటం కావాలంటే యాభై ఎక్కువ సార్" అన్నాడు. అర్థం కాలేదన్నాను. పక్కన కూర్చున్న డిగ్రీ కుర్రవాడిని చూపించి, "మావాడు ఎడమచేత్తో పేరు రాస్తాడు. అచ్చం పిల్లలు రాసినట్టే ఉంటుంది. ఒక చెట్టు కూడా వంకరగా అతికిస్తాడు. మరీ నీటుగా ఉంటే టీచర్లకు అనుమానం వస్తుంది కదా" అని విశదీకరించాడు. ఆ కుర్రవాడు ఎంతో ఏకాగ్రతతో, నాలుక కొంచెం బయటపెట్టి, ఆంగ్లంలో 'ట్రీ' అన్న మాటలోని ఒక అక్షరాన్ని తిరగేసి రాస్తున్నాడు. ఏడేళ్ల వయస్సులో వాడు స్వయంగా ఆ తప్పు చేసి ఉంటే ఎవరైనా వీపు మీద ఒకటి వేసి ఉండేవారు. ఇరవై ఏళ్ల వయస్సులో అదే తప్పుకు యాభై రూపాయలు వస్తున్నాయి.

నాకు ఆత్మాభిమానం ఎక్కువ. విడి సామాను కొనుక్కుని ఇంటికి వచ్చాను. థర్మాకోల్‌ను చాకుతో కోసేటప్పుడు వచ్చే చప్పుడు గురించి ఇక్కడ వర్ణించను, చదివేవారి పళ్లు పులుస్తాయి. పదకొండు గంటలకు హిమాలయాలు లేచాయి. పదకొండుంపావుకు వాటిని నేలకు అతికించడానికి చెప్పులకు వాడే గమ్ము రాశాను. ఆ గమ్ములో ఉండే ద్రావకానికి థర్మాకోల్ కరిగిపోతుందని నాకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నేను రెండవ తరగతి మొదటిసారి చదివినప్పుడు మా బడిలో థర్మాకోల్ లేదు. ఎవరెస్టు కళ్లముందే చప్పబడి, గుంటపడి, చివరికి ఒక జిగురు మరకగా మిగిలింది. భూతాపం గురించి ఇంతకు మించిన మోడల్ తరగతిలో మరొకటి ఉండదని మా ఆవిడతో అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా తెల్ల ఫెవికాల్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

ఉదయం మా అమ్మాయి కళ్లు నులుముకుంటూ బల్ల దగ్గరికి వచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, "నాన్నా, నేనేం చేశాను?" అని అడిగింది. బస్సు వచ్చేలోపు ఆ పిల్ల తాను చేసినదేమిటో ఆంగ్లంలో నాలుగు వాక్యాలుగా కంఠస్థం చేసింది. మొదటి బహుమతి ఒక ఆర్కిటెక్టు గారికి, అంటే ఆయన కుమారుడికి, వచ్చింది. ఆ మోడల్‌లో మోటారుతో నడిచే జలపాతం ఉంది. మాకు 'గుడ్, కెన్ డూ బెటర్' అని వచ్చింది. ఇందులో కొంత పక్షపాతం జరిగిందనే నా అభిప్రాయం ఇప్పటికీ, కానీ అది ఈ వ్యాసానికి సంబంధించిన విషయం కాదు.

జూన్ 12న బడి తెరిచినప్పటి నుంచి దసరా సెలవుల దాకా ఈ టర్మ్‌లో జరిగిన సృజనాత్మక కార్యక్రమాలన్నీ చెప్పాలంటే ఒక పంచాంగం కావాలి. ఎల్లో డే నాడు పసుపుపచ్చ సాక్సులు దొరకక మూడు షాపులు తిరిగాం. బోనాలకు మా వాడలో ఉన్న పోతరాజులకంటే ఎల్కేజీలో ఉన్న పోతరాజులే ఎక్కువ. గ్రాండ్ పేరెంట్స్ డేకి మా నాన్నను ఊరి నుంచి రప్పించి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి చేత చెంచాలో నిమ్మకాయ పెట్టి పరుగెత్తించారు.

ఆగస్టు 15న ఫ్యాన్సీ డ్రెస్. గాంధీ వేషానికి చొక్కా ఉండదు గనుక జలుబు చేస్తుందని ఎవరూ ఒప్పుకోలేదు. ఝాన్సీ లక్ష్మీబాయిలు తొమ్మిది మంది తేలారు. అద్దెకు తెచ్చిన ఒక అల్లూరి సీతారామరాజు, గడ్డం దురద పెడుతుంటే గోక్కుంటూ మైకు ముందుకు వచ్చి, "ఐ యామ్ అల్లూరి సీతారామరాజు, ఐ ఫాట్ ఎగైనెస్ట్ ద ఇంగ్లీష్" అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ పాఠశాల ఆవరణలో తెలుగు మాట్లాడితే పది రూపాయలు జరిమానా. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు ఎత్తుకుపోయిన మనిషి, నూరేళ్ల తర్వాత ఈ జరిమానాకు జడిసి తెల్లవాడి భాషలో తన పేరు చెప్పుకున్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

ఇక విహారయాత్ర. విహారయాత్ర అనకూడదట, 'అనుభవాత్మక అభ్యసనం' అనాలట. జాతీయ విద్యావిధానం 2020 ప్రకారం అని సర్క్యులర్‌లో ఉంది. ఆ విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులపాటు సంచి లేకుండా స్థానిక వడ్రంగుల దగ్గర, తోటమాలుల దగ్గర, కుమ్మరుల దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. రెండవ తరగతి గురించి, ఒక్కొక్కరికి పద్నాలుగు వందల రూపాయల గురించి నాకు అందులో ఎక్కడా కనబడలేదు. గోల్కొండకు తీసుకువెళతారేమోనని మా అమ్మాయి ఆశపడింది, ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దాకా వినబడుతుందని నేనే చెప్పి ఉన్నాను. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ బయటికి వచ్చి గంట కొట్టే బొమ్మను చూడవచ్చు. రెండింటికీ పిల్లల దగ్గర వసూలు చేయదగినంత టిక్కెట్టు లేదు. కాబట్టి 'పల్లె అనుభవం' ఖాయమైంది.

చేవెళ్ల దారిలో ఒక రిసార్టు వారు పల్లెటూరిని నిర్మించారు. పిల్లలకు అక్కడ బర్రెను చూపిస్తారు. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. మా పాఠశాల ప్రహరీగోడకు ఆనుకునే అవతల ఒక బర్రెల కొట్టం ఉంది. పద్నాలుగు బర్రెలు. పాఠశాల కంటే ముందునుంచీ ఉన్నాయి. ఆ వాసన వల్ల పిల్లల ఏకాగ్రత దెబ్బతింటున్నదని యాజమాన్యం మున్సిపాలిటీకి ఫిర్యాదు పెట్టి, తల్లిదండ్రుల చేత సంతకాలు కూడా చేయించింది. ఆ తర్వాత అదే పిల్లలను నలభై కిలోమీటర్లు బస్సులో మోసుకుపోయి ఒక బర్రెను చూపించింది.

చేవెళ్ల దారి పొడవునా వందల కొద్దీ పాత మర్రిచెట్లు ఊడలు దించి నిలబడి ఉంటాయి. మా అమ్మాయి ఒక్కటీ చూడలేదు. బస్సులో కర్టెన్లు వేసి కార్టూను సినిమా పెట్టారు. 'పల్లె'లో మట్టి అంటకుండా నేల మీద ఆకుపచ్చ కార్పెట్ పరిచారు. కుమ్మరి సారె దగ్గర, ముందే చేసిపెట్టిన కుండ మీద ఒక్కొక్కరి చేత చెయ్యి వేయించి ఫోటో తీసి పక్కకు పంపారు. అరవై నాలుగు మంది పిల్లలు, ఒకే కుండ. "కుండ చేశావా తల్లీ?" అని అడిగితే, "ఫోటోలో చేశాను" అంది.

ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకునేవాడిని. "మీ క్లాసంతా వెళ్లారా?" అని ఎందుకో అడిగాను. ఐదుగురు రాలేదట. డబ్బు కట్టలేదు గనుక బస్సు ఎక్కించుకోలేదట. వాళ్లలో ఒకడు మా అమ్మాయి పక్క బెంచీ కుర్రవాడు. తండ్రి ఆటో నడుపుతాడు. రెండు విడతల్లో కడతానని అడిగితే, ఇది ఫీజు కాదు, ఐచ్ఛికం అని ఆఫీసులో చెప్పి పంపించారట. ఆ ఐదుగురినీ రోజంతా ఖాళీ తరగతిలో కూర్చోబెట్టి రంగులు వేసుకోమన్నారు. మరునాడు తరగతి మొత్తానికి ఒక యాక్టివిటీ ఇచ్చారు. 'నేను చూసిన పల్లె' గురించి ఐదు వాక్యాలు, ఒక బొమ్మ. మొత్తానికి. ఆ ఐదుగురికి కూడా.

ఎవరికి పుట్టిందయ్యా ఈ ఆలోచన? ఏడేళ్ల పిల్లవాడిని బస్సు మెట్టు దగ్గర ఆపి, ఆ బస్సు వెళ్లిన చోట ఏం చూశావో రాయమని మరునాడు కాగితం చేతికిస్తారా? ఆ టీచరమ్మను నేను అనను. ఆవిడ రాత్రి పదకొండు దాకా గ్రూపులో మన పిల్లల ఫోటోలు పెడుతూ కూర్చుంటుంది, ఆవిడకు పై నుంచి ఏది వస్తే అది కిందికి పంపుతుంది. కర్టెన్లకు, కార్పెట్‌కు, ఫోటోగ్రాఫరుకు డబ్బు దొరికిన సంస్థకు ఐదు సీట్లు దొరకలేదా? ఆ ఏడువేలు గ్రూపులో అడిగి ఉంటే పది నిమిషాల్లో పోగయ్యేవి. అడగలేదు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో అది సమస్యే కాదు. సిగ్గు లేకపోవడం అంటే ఇదే. మేం సంతకాలు పెట్టాం, చప్పట్లు కొట్టాం, డబ్బు కట్టాం, కాబట్టి మాకు మాత్రం ఉందని నేను చెప్పను.

ఆ కుర్రవాడు రాశాడు. ఆ సాయంత్రం గోడ చుట్టూ తిరిగి వెళ్లి కొట్టం చూసి వచ్చి రాశాడు. నల్లబర్రెకు ఒక కొమ్ము విరిగిందనీ, దూడకు తెల్లచుక్క ఉందనీ, పాలు పిండేటప్పుడు డబ్బాలో చప్పుడు వస్తుందనీ, ఆ తాత తనను దూడను పట్టుకోనిచ్చాడనీ రాశాడు. ఐదో వాక్యం రాలేదు. బొమ్మలో బర్రెకు ఐదు కాళ్లున్నాయి, ఒకటి తోక కావచ్చు. అందరి పుస్తకాల్లోనూ నక్షత్రం గుర్తు పడితే, వాడి పుస్తకంలో 'నాట్ రెలెవెంట్' అని ఎర్రసిరాతో పడింది. మా అమ్మాయి దగ్గర ఫోటోలో చేసిన కుండ ఉంది, దానికి నక్షత్రం వచ్చింది.

ఆదివారం మా అమ్మాయిని తీసుకుని ఆ కొట్టానికి వెళ్లాను. కొమ్ము విరిగిన బర్రె నిజంగానే ఉంది, దూడకు తెల్లచుక్కా ఉంది. ఆ పెద్దాయన నీళ్ల తొట్టి మీద వంగి తెల్లటి ముక్కలు ఏవో ఏరి పారేస్తున్నాడు. గోడ వెంట కుప్పగా పడి ఉన్నాయి. నవ్వుతున్న భూగోళాలు, గాలిమరలు, మోటారు ఊడదీసిన ఒక జలపాతం, వాటి కింద నుంచి తొంగిచూస్తూ నేను అతికించిన చెట్టు ఒకటి.

"ఏందో సార్ ఇవి, ఏటా గోడ మీదికెళ్లి పారేస్తరు. తెల్లగ ఉంటయి, బర్లు ఉప్పనుకుని నాకుతున్నయి" అన్నాడు ఆయన. "ఏంది సార్ ఇవి?"

నాకు తెలియదని చెప్పాను.