గాజువాక–మధురవాడ జీఆర్ఈ టన్నెల్ వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టన్నెల్ వారికి,

గాజువాక గోడౌన్ రౌటర్‌కూ మధురవాడ కార్యాలయపు రౌటర్‌కూ నడుమ, డేటా ప్యాకెట్లను మరో ప్యాకెట్‌లో చుట్టి అవతలికి మోసే ఊహా సొరంగంగా తమరు కొలువుదీరిన నాటి నుంచి, తమ క్షేమం ఎప్పుడు విచారించినా ‘అప్, అప్’ అనే తప్ప మరో మాట మేము వినలేదు. గాజువాకలో కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, అక్కడి రౌటర్ దీపాలన్నీ ఆరిపోయిన మధ్యాహ్నం సైతం మధురవాడ వైపు తమరు అదే శుభవార్త సెలవిచ్చారు. అవతలి రౌటర్ చిరునామాకు రూటింగ్ టేబుల్‌లో (రౌటర్ దగ్గరి దారుల పట్టికలో) ఏదో ఒక దారి, కనీసం వేరే దారి తెలియనప్పుడు పట్టే డిఫాల్ట్ రూట్ ఉంటే చాలునట. ఆ చివర ఎవరైనా బతికి ఉన్నారా అని వాకబు చేయడం తమ విధుల్లో లేదట. ఉత్తరం చేరిందా అని అడిగితే, ఆ ఊరికి రోడ్డు ఉందని జవాబిచ్చే తపాలా ఉద్యోగికి తమరేమీ తీసిపోరు.

ఇక సుంకం సంగతి. ప్రతి ప్యాకెట్ మీదా కొత్త ఐపీ హెడర్‌కు (పైన అంటించే చిరునామా చీటీకి) 20 బైట్లు, తమ సొంత హెడర్‌కు మరో 4 బైట్లు వసూలు చేస్తారు కనుక, 1500 బైట్ల దారిలో మాకు మిగిలేది 1476. ‘ఉన్నావా’ అని పలకరించే చిన్న పింగ్‌లు హాయిగా వెళ్తాయి. గోడౌన్ స్టాకు ఫైలు మాత్రం, ముక్కలు చేయరాదన్న గుర్తుతో బయలుదేరిన పెద్ద ప్యాకెట్లను రౌటర్ పారవేయడంతో, ఆ సంగతి చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని మా ఫైర్‌వాల్ మింగేయడంతో, ఎటూ కదలకుండా నిలిచిపోతుంది. పింగ్ వస్తోంది కదా, ఇంకేం కావాలని మా మేనేజరు గారు అడుగుతారు. టీసీపీ ఎంఎస్ఎస్‌ను, అంటే ఒక్కో ప్యాకెట్‌లో మోసే డేటా పరిమితిని, 1436 బైట్లకు తగ్గించిన తరువాతే ఫైలు కదిలింది; ఆ ఘనత కూడా తమ ఖాతాలోనే పడింది. (డేటాను రహస్య లిపిలోకి మార్చే ఐపీసెక్ తోడు లేనిదే తమరు మోసే జీతాల పట్టీని దారిలో ఎవరైనా చదువుకోవచ్చన్న ముక్క ఆయనకు ఇంకా చెప్పలేదు.)

తమరు తమంతట తాము పడిపోవడం ఒక్కసారే చూశాం. రౌటర్లకు దారులు చెప్పే ఓఎస్‌పీఎఫ్ ప్రోటోకాల్ మాట విని, తమ గమ్యానికి దారి తమ గుండానే ఉందని నమ్మి, లోపలికి దూరబోయి కూలారు, లేచారు, మళ్లీ దూరారు.

అందుచేత కీప్‌అలైవ్ అమలు చేస్తున్నాము. 10 సెకన్లకొకసారి అవతలి వైపును పలకరించి, వరుసగా 3 సార్లు జవాబు రాకుంటే ‘డౌన్’ అని తమరు ఒప్పుకోవలసి ఉంటుంది. దీనివల్ల నెలవారీ నివేదికలో తమ లభ్యత నూటికి నూరు శాతం నుంచి దిగజారుతుందని మేనేజరు గారు ఇప్పటికే లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపారు.

ఇట్లు,
నెట్‌వర్క్ విభాగం, మధురవాడ, విశాఖపట్నం