9 బార్లు, ఒక ఫ్లాస్కు

కాఫీ తాగడం అనే చిల్లర అలవాటు నుంచి మానవజాతి ఎప్పుడో బయటపడి, కాఫీ ‘తీయడం’ అనే ఉన్నత దశకు చేరుకుందని మీకు తెలిసే ఉంటుంది. తెలీదంటే మా తోడల్లుడిలాంటి మనిషి మీ చుట్టాల్లో లేడన్నమాట. అదృష్టవంతులు.

ఆయన దగ్గర ఒక లీవర్ మెషీన్ ఉంది. కరెంటు అక్కర్లేదు, మోటారు లేదు, చేతిసంచీలో పట్టేస్తుంది. చూడ్డానికి సైకిలు పంపుకీ నిమ్మకాయ పిండేదానికీ పుట్టిన బిడ్డలా ఉంటుంది. గొట్టంలో వేణ్నీళ్లు పోసి రెండు చేతులతో మీట నొక్కితే, పిస్టన్ దిగి, అదిమిపెట్టిన పొడిలోంచి నీళ్లు దూరి, అరనిమిషంలో రెండు గుక్కల చిక్కటి కాఫీ కారుతుంది. దాని పేరు ఎస్ప్రెస్సో. అంతే. ఆ ‘అంతే’ అన్న ముక్క మాత్రం ఆయన ముందు అనకండి. “9 బార్ల ప్రెషర్ అన్నయ్యా! చదరపు సెంటీమీటరు మీద 9 కిలోలు!” అంటాడు. నిజమే, కారు టైర్లో ఉండేదానికి నాలుగు రెట్లు. కారు టైరు పాపం ఎప్పుడూ చెప్పుకోలేదు.

తర్వాత ఉపన్యాసం. ఇటలీలోని మిలాన్, అక్కడి అకిల్లే గాజ్జా, కాఫీ మెషీనుకి 1938 నాటి ఆయన పేటెంటు, యుద్ధమయ్యాక వచ్చిన మీట మెషీన్లు, పైన తేలే ఆ బంగారు నురగ... అన్నీ వస్తాయి. 1961లో ఫేమా కంపెనీ మోటారు పంపు పెట్టి ‘E61’ అనే మెషీన్ తెచ్చిందనీ, పొద్దస్తమానం మీటలు లాగే కాఫీ కొట్టువాడి భుజాలకు దాంతో కాస్త విశ్రాంతి దొరికిందనీ చెప్పే భాగం మాత్రం ఎందుకో రాదు.

మొన్న జనవరిలో అందరం కలిసి అరకు వెళ్లాం. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలు ఎక్కాం. ఎస్.కోట దాటాక బండి కొండెక్కడం మొదలెట్టింది, ఈయన సంచీ విప్పడం మొదలెట్టాడు. చేత్తో తిప్పే గ్రైండరు, తూకం మిషను, సూదులు గుచ్చిన బిరడాలాంటిదొకటి (పొడిలో ఉండలు చిదపడానికట), పొడి అదిమే ఇనుప బిళ్ల, చివరగా ఇథియోపియా గింజలు. అవునండీ, అరకు వెళ్తూ ఇథియోపియా గింజలు. కోనసీమకి కొబ్బరికాయలు మోసుకెళ్లిన వాడికైనా దారిలో ఎక్కడో సిగ్గేస్తుంది.

కచ్చితంగా 18 గ్రాములు తూచాలి. బండి ఊగుతోంది. తూకం మిషను 17.6 అంటుంది, 18.4 అంటుంది, ఒకసారి సున్నా కంటే కిందికి కూడా వెళ్లింది. ఆయన ఒక్కో గింజా తీస్తాడు, ఒక్కో గింజా వేస్తాడు. ఎదురు సీట్లో తెల్ల లాల్చీ పెద్దాయన, మందు బిళ్లలనుకున్నాడో ఏమో, జాలిగా చూస్తున్నాడు. ఈలోగా “కాఫీ, కాఫీ” అంటూ కుర్రాడు రెండుసార్లు తిరిగి వెళ్లాడు. మా అత్తగారు మెల్లిగా “బాబూ, ఈలోగా నేనొక కాఫీ తాగనా?” అని అడిగారు. “అది కాఫీ కాదత్తయ్యా” అన్నాడు. ఆవిడ పొద్దున్న నాలుగింటికి లేచిన మనిషి. నోరు మూసుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

అదిమాడు. నీళ్లు పోశాడు. సరిగ్గా మీట మీద చేతులు వేసే వేళకి సొరంగం వచ్చింది. ఆ దారిలో సొరంగాలు యాభైకి పైనే, ఆయన లెక్కలో మాత్రం ఒక్కటీ లేదు. పెట్టె అంతా చీకటి, పిల్లల కేకలు, ఆ కేకల మధ్యలో పాము బుస లాంటి శబ్దం ఒకటి. వెలుతురు వచ్చేసరికి గిన్నెలో కాఫీ లేదు. పెద్దాయన లాల్చీ మీద ఉంది. “చానలింగ్ అయింది” అన్నాడు మావాడు. పొడిలో ఒకచోట వదులుగా ఉంటే నీళ్లన్నీ ఆ సందులోంచే తన్నుకొస్తాయట. పెద్దాయన జేబురుమాలుతో తుడుచుకుంటూ “పర్లేదు బాబూ, వాసన బానే ఉంది” అన్నాడు. ఎస్ప్రెస్సో గురించి నేను విన్న మొదటి నిజాయితీ గల అభిప్రాయం అదే.

ఇంతవరకూ నాకు నవ్వే వచ్చింది. తర్వాత ఈయన పొడి పిడకకట్టిన ఆ గొట్టాన్ని అలాగే పట్టుకుని, తల కూడా తిప్పకుండా, చెయ్యి పక్కకి చాపాడు. మా మరదలు అందుకుంది. ఊగుతున్న బండిలో సింకు దాకా వెళ్లి, దాన్ని దులిపి, ఆ సన్న ధార కింద కడిగి, తుడిచి తెచ్చింది. ఫ్లాస్కులో వేణ్నీళ్లు తెల్లవారుజామున కాచి పోసిందీ ఆవిడే. ఈయన ఫోన్లో వీడియో పెట్టి “పూర్తిగా చేత్తోనే” అని చెప్పుకుంటున్నాడు.

ఎవరి చేత్తోనయ్యా? నలభై ఏళ్లు రుబ్బురోలు తిప్పి మా అమ్మ భుజం పైకి లేవకుండా పోయింది, దాన్ని మాన్యువల్ అని ఎవడూ అనలేదు, వీడియో తీయలేదు, ఇడ్లీ గట్టిగా ఉందని మాత్రం అన్నారు. నీ 18 గ్రాములకి వంద గ్రాములకు పైగా కాఫీ పండ్లు కావాలి, అవన్నీ ఏ కొండవాలులోనో ఎవరో నిలబడి, పండినవి ఏరి, ఒక్కొక్కటే కోసినవి. నువ్వు అరనిమిషం మీట నొక్కి చేతిపని అంటున్నావు. తిన్న కంచం ఏనాడైనా తీశావా?

ఇదంతా పైకి అన్నానా? లేదు. తోడల్లుడితో గొడవ పెట్టుకుంటే పండగలు ఎక్కడ చేసుకుంటాం?

అరకులో దిగాక రోడ్డు పక్క బండి దగ్గర అత్తగారు వరసగా రెండు కాఫీలు తాగారు. ఈయన తోటలో మిరియాల తీగల పక్కన మెషీన్ నిలబెట్టి ఫొటోలు తీసుకున్నాడు.

తిరుగు బండిలో మళ్లీ సంచీ విప్పాడు. ఈసారి తూకం ఒక్క దెబ్బకి 18 చూపించింది. రుబ్బాడు, గుచ్చాడు, అదిమాడు, చెయ్యి చాపాడు. “ఫ్లాస్కు ఇలా ఇవ్వు.”

“టీ పోయించానండి అందులో” అంది మా మరదలు, మూత తిప్పుతూ. “అమ్మా, గ్లాసు పట్టు.”