మంగళవాద్యం అయిపోయాకే జనం వస్తారెందుకు?

విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో త్యాగరాజ ఆరాధన అనో, రామకోవెల వార్షికోత్సవం అనో మూడు రోజులు శాస్త్రీయ సంగీతం పెడితే రెండు మాటలు ఖాయంగా వినపడతాయి. మొదలెట్టక ముందు "ఈ ఊళ్లో ఇవన్నీ ఎవరికర్థమవుతాయండీ" అని, అయిపోయాక "అంత పెద్ద విద్వాంసుణ్ణి తెచ్చినా జనం రాలేదు" అని. మొదటి మాట తప్పు. రెండోది నిజమే గానీ తప్పు జనానిది కాదు, కార్యక్రమం వరసది.

ఆ వరస ఎలా ఉంటుందో చూడండి. ఆరింటికి మంగళవాద్యం అని కరపత్రంలో వేస్తారు. ఊరి సన్నాయి ఆయనా డోలు ఆయనా టైముకే వచ్చి కూర్చుంటారు. వాళ్లు వాయిస్తుంటే ఒక పక్క కుర్చీలు పరుస్తుంటారు, ఇంకో పక్క మైకు కుర్రాడు "హలో, చెక్" అంటుంటాడు, సన్నాయి ముందు మాత్రం మైకుండదు, "దానికెందుకండీ, ఎలాగూ వినపడుద్ది" అని. ఆయన కల్యాణి రాగం ఎత్తుకుని కాస్త పైకి వెళ్లేసరికి ముఖ్య అతిథి కారొస్తుంది, ఇంక చాలని సైగ చేస్తారు. తర్వాత జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, చందాల జాబితా. అసలు కచేరీ మొదలయ్యేసరికి తొమ్మిదిన్నర. తెల్లారి పనికెళ్లాల్సిన మనిషి అప్పటిదాకా ఎందుకు కూర్చుంటాడు?

ఇందులో విడ్డూరం ఏంటంటే, ఆ ఊళ్లో రాగం తాళం నేర్చుకుని దాని మీదే బతికే మనిషి ఎవరన్నా ఉంటే చాలాసార్లు ఆ సన్నాయి ఆయనే. పెళ్లిలో త్యాగరాజు కీర్తన 'సీతా కల్యాణ వైభోగమే' వాయించేది ఆయనే, కోవెల్లో సేవకు వాయించేదీ ఆయనే. త్యాగరాజు ఊరి చెవికి అలవాటైంది ఆయన వల్లే. ఆ కీర్తన కురంజి రాగమని చెప్పలేకపోవచ్చు గానీ, శ్రుతి తేడా వస్తే "ఈసారి మేళం బాలేదు" అనే ముసలమ్మలు ప్రతి వీధిలో ఉన్నారు. అర్థం కావడమంటే ఇంకేంటి? ఆయన్ని కుర్చీలు సర్దే టైముకు సర్దేయడం వెనక కులం కూడా ఉందనే నా అభిప్రాయం. వాయించేది ఎక్కువగా నాయీబ్రాహ్మణ కుటుంబాలవాళ్లు. పెళ్లి పందిట్లో ఓ పక్కన కూర్చోబెట్టే అలవాటే స్టేజీ మీదకీ వచ్చింది. కమిటీల్లో ఈ మాట ఎవరూ పైకి అనరు.

పల్లెకు సంగీతం మనమేదో మోసుకెళుతున్నట్టు మాట్లాడేవాళ్లకు ఒక సంగతి. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెడితే దానికి మొదటి ప్రిన్సిపాల్ అయిన ఆదిభట్ల నారాయణదాసు గారు పుట్టింది అజ్జాడ అనే పల్లెలో. ఘంటసాల వెంట ఏళ్ల తరబడి పనిచేసిన పట్రాయని సంగీతరావు గారిది శ్రీకాకుళం జిల్లా కింతలి. దాసుగారు కాళ్లకు గజ్జెలు కట్టి, తాళం పట్టి కథ చెబుతూ మధ్యలో కీర్తన అందుకునేవారు. కథ కోసం కూర్చున్నవాళ్లు కీర్తన కూడా వింటారు, హరికథ బలం అదే. అలాంటి హరికథను ఇప్పుడు రెండో రోజు మధ్యాహ్నం, భోజనాల టైములో పెడుతున్నారు.

వీణ సంగతీ అంతే. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు పనస చెక్కతో చేసే వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన ఉత్సవంలో అది కనిపించేది ముఖ్య అతిథికిచ్చే బుల్లి జ్ఞాపికగా. మూడు రోజుల్లో ఒక్క వీణ కచేరీ ఉండదు.

సౌండ్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. డీజేకి పెట్టే బాక్సులే ఇక్కడా పెడితే వయొలిన్ దోమ రొదలా వినపడుతుంది, మృదంగం గుండెల్లో గుద్దుతుంది.

బయటి విద్వాంసులను పిలవొద్దని కాదు. మొదటి రోజు రాత్రి ఏడింటికి, నిండు జనం ముందు, మంచి మైకు పెట్టి గంటన్నర సన్నాయి కచేరీ చేయించండి, బయటివాళ్లకిచ్చే మర్యాదే, దానికి తగ్గ పారితోషికమే ఇచ్చి. దాని వెనకే హరికథ. త్యాగరాజు సిద్ధి పొందిన తిథి పుష్య బహుళ పంచమి ఎలాగూ సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా వస్తుంది. తిథి దగ్గర మరీ పట్టుబట్టకుండా కనుమ వెళ్లిన మర్నాడు మొదలెడితే హైదరాబాద్, చెన్నై నుంచి వచ్చిన వలస కుటుంబాలు ఇంకా ఊళ్లోనే ఉంటాయి, కోతలూ అయిపోయుంటాయి. ప్రసంగాలూ సన్మానాలూ ఏమన్నా ఉంటే కచేరీ అయ్యాక పెట్టుకోవచ్చు, ముఖ్య అతిథి అప్పటిదాకా ఉంటే.